ఫిల్మునందలి వెలుఁగునీడలు – వానిని గొలిచిన మెట్ల చరిత్రము

ప్రాచీనగ్రంథములకు ప్రతులు వ్రాయుటలో లేఖకుఁడు చేయు తప్పులు రెండు తెఱఁగులు. ఉన్నదానిని మఱియొకటిగా వ్రాయుట యొకటి; రెండుగా నున్నదానిని ఒకటిగా వ్రాయుట రెండవది. మొదటి తప్పును పరిష్కర్త ఛందస్సుచేతను, అర్థముచేతను, ప్రత్యంతరములచేతను దిద్దుకొనఁగలఁడు. రెండవది యట్టిది కాదు. రేఫమును శకటరేఫమును ఒక్క రేఫముగనే వ్రాసిపోయిన ప్రతి యొక్కటియే మిగిలి, మాతృక నశించెనేని, మూలమునందు ఏది యెక్కడ నుండెనో ఆ ప్రతినిబట్టి చెప్పుట యెవ్వరికిని శక్యము గాదు.

ఛాయాచిత్రముల ఫిల్మును అంకెలుగా మార్చి కంప్యూటరునందు నిలుపు కార్యమున ఈ రెండవ తప్పునకే యవకాశము మెండు. స్కానరు అను యంత్రము ఫిల్ముగుండ వెలుఁగును బంపి, ప్రతిబిందువునుండియు వెడలివచ్చిన వెలుఁగును గొలిచి, దాని నొక సంఖ్యగా వ్రాయును. యంత్రము వాడఁగల సంఖ్య లెన్నియో, ప్రతియందలి ఛాయలును అన్నియే. రెండు ఛాయలకు ఒక్క సంఖ్య పడినచో వాని భేదము పోయినదే. ఈ సంఖ్యల యెన్నికను బిట్టులతోఁ జెప్పుట వాడుక. బిట్టు లెక్కువయైనకొలఁది ప్రతి మేలగునని లోకమునఁ బ్రసిద్ధి. ఈ ప్రసిద్ధి యెంతవఱకు నిజమో, వెలుఁగునీడలను గొలిచిన చరిత్రమును మొదటినుండి పరిశీలించిన స్పష్టపడును.

కంటి కొలత

ఒక్క దీపమున్న గదిలో రెండవదీపమును వెలిగించినచో వెలుఁగు హెచ్చినట్లు వెంటనే తెలియును. నూఱుదీపములున్న సభలో నూటయొకటవ దీపమును వెలిగించినచో హెచ్చినట్లు గుర్తించుట కష్టము. రెండుచోట్లను హెచ్చిన వెలుఁగు ఒక్కటియే. కన్ను గ్రహించునది హెచ్చిన పరిమాణమును గాదు; మునుపున్న వెలుఁగుతో దానికిఁ గల నిష్పత్తిని. జర్మనీదేశమున లైప్‌సిగ్ నగరమునందు ఎర్నెస్టు వేబరు 1834లో స్పర్శభారముల విషయమున ఈ నియమమును వెల్లడించెను. గుస్టావు ఫెక్నరు 1860లో దానిని గణితసూత్రముగాఁ గూర్చి, ఇంద్రియానుభవము ప్రేరకముయొక్క సంవర్గమానము ననుసరించి పెరుగునని ప్రతిపాదించెను. మిక్కిలి మసకవెలుఁగునందును మిక్కిలి తీక్ష్ణమైన వెలుఁగునందును ఈ నియమము సడలును. నడిమి వెలుఁగునందు మాత్రము సుమారు నూటి కొకపాలు భేదమును కన్ను గుర్తింపఁగలదు.

ఖగోళశాస్త్రజ్ఞులు ఈ సత్యమునే మఱియొక త్రోవను జేరిరి. టాలెమీ కాలమునాఁటికే నక్షత్రములను కాంతినిబట్టి ఆఱు తరగతులుగా విభజించుట గలదు. 1856లో ఆక్సుఫర్డునందుండిన నార్మన్ పాగ్సన్, మొదటి తరగతి నక్షత్రము ఆఱవ తరగతి నక్షత్రముకంటె నూఱురెట్లు వెలుఁగునట్లు మానమును స్థిరపఱచి, తరగతికిని తరగతికిని నడుమ సుమారు 2.512 నిష్పత్తి నుంచెను. ఈ పాగ్సనే 1861లో చెన్నపురి నక్షత్రశాలకు అధికారియై వచ్చి, 1891లో మరణించువఱకు అచ్చటనే పనిచేసెను. కన్ను సమానములని తలఁచు ఆఱు మెట్లు వెలుఁగు కొలతలో సమానములు గావనియు, అవి సమాననిష్పత్తులనియు ఇందువలనఁ దేలినది. ఈ యొక్క విషయము మఱచినందువలననే తరువాతి కాలమున ఫిల్ముల యంకీకరణమునఁ బెక్కు చిక్కులు పుట్టెను.

హర్టరు, డ్రిఫీల్డుల పరిశోధనము

ఛాయాచిత్రకళకు ఈ గణితమును దెచ్చినవారు ఇంగ్లండునందు విడ్నెస్ పట్టణమున రసాయనకర్మాగారమునఁ బనిచేయుచుండిన యిరువురు మిత్రులు. ఫెర్డినాండు హర్టరు (1844–1898) స్విట్జర్లండునందలి షాఫ్‌హౌజనునఁ బుట్టిన రసాయనశాస్త్రజ్ఞుఁడు. వీరో చార్లెసు డ్రిఫీల్డు (1848–1915) ఇంజనీరు. చిత్రమునకు వలయు వెలుఁగును ఊహచేతఁ గాక కొలతచేత నిర్ణయింపవలెనని వీరి పట్టుదల. పెక్కేండ్లు శ్రమించి 1890లో తమ పరిశోధనఫలములను రసాయనపరిశ్రమసంఘపు పత్రికయందు వ్యాసముగాఁ బ్రకటించిరి.

వారు నిర్వచించిన సాంద్రత యను మానము నేఁటికిని నిలిచియున్నది. ఫలకముపైఁ బడిన వెలుఁగులో పదవపాలు ఆవలికి వెడలినచో సాంద్రత 1. నూఱవపాలు వెడలినచో 2. వేయవపాలు వెడలినచో 3. సగము వెడలినచో సుమారు 0.3. అనఁగా వెలుఁగు నడ్డగించు శక్తియొక్క సంవర్గమానమే సాంద్రత. ఫలకమునందు నిలిచిన వెండి యెంత హెచ్చునో సాంద్రతయు నంత హెచ్చునని వారు చూపిరి. కాఁబట్టి యీ సంఖ్య కంటి స్వభావమునకును, వెండి పరిమాణమునకును గూడ ఏకకాలమున సరిపడుచున్నది.

ఫలకమునకుఁ దగిలిన వెలుఁగుయొక్క సంవర్గమానమును అడ్డముగను, కలిగిన సాంద్రతను నిలువుగను గుఱించి వారొక వక్రరేఖను గీచిరి. దాని యడుగుభాగము మెల్లఁగా లేచును. నడిమిభాగము సరళరేఖయై సాగును. పైభాగము మరల వంగును. సరళభాగమున దృశ్యమునందలి నిష్పత్తులు ఫలకముపై నిష్పత్తులుగనే నిలుచును. అడుగుభాగమున దృశ్యపు నీడలు, పైభాగమున మిక్కిలి వెలుఁగుచోటులు ఒకదానిలో నొకటి యొదిఁగియుండును. ఆ కొనలయందు ఛాయలు లేవని కాదు. వాని నడుమ దూరము తక్కువ. అట్టిచోటనే సూక్ష్మమైన కొలత యవసరము.

ప్రస్తారమును బిట్టులును

బిట్టు అను మాట తెలుఁగు పండితులకు క్రొత్తయైనను, దాని గణితము చిరపరిచితము. గురులఘువులతో మూఁడక్షరముల ప్రస్తారము వేసిన మ య ర స త జ భ న లను ఎనిమిది గణములు వచ్చును. అక్షర మొక్కటి హెచ్చినప్పుడెల్ల రూపములు రెండింతలగును. ఎనిమిదక్షరముల పాదముగల అనుష్టుప్ఛందమున 256 వృత్తములు. పదియక్షరముల పంక్తియందు 1,024. పండ్రెండక్షరముల జగతియందు 4,096. పదునాలుగక్షరముల శక్వరియందు 16,384. పదాఱక్షరముల అష్టియందు 65,536. గురులఘువులకు మాఱుగా ఒకటి సున్నల నుంచినచో, స్కానరులందు వాడుకలోనున్న 8, 10, 12, 14, 16 బిట్టుల సంఖ్యలు ఇవియే. వృత్తరూపమునుబట్టి దాని క్రమసంఖ్యను గనుఁగొను ఉద్దిష్టవిధానమే యంత్రము ఛాయాసంఖ్యలను జదువు విధానమును.

ప్రస్తారమునందు వృత్తము లెన్నియో తెలియునే కాని, కవులు ఏ వృత్తములను వాడిరో తెలియదు. అట్లే బిట్టులవలన మెట్ల సంఖ్య తెలియునే కాని, ఆ మెట్లు ఫిల్ముయొక్క యే సాంద్రతలయొద్ద నిలిచినవో తెలియదు. ఈ భేదము ముందుఁ జెప్పఁబోవు చరిత్రమునకు ముఖ్యము.

ఐదు ఛాయలనుండి యాఱంభము

చిత్రమును సంఖ్యలుగా మార్చుట కంప్యూటరులకంటె ముందే మొదలైనది. 1920 ప్రాంతమున హ్యారీ బార్తొలొమ్యూ, మేనార్డు మెక్‌ఫార్లేను అనువారు తమ పేళ్లు గలిపి బార్ట్‌లేను అను పద్ధతిని గల్పించిరి. దానివలన వార్తాపత్రికల చిత్రములు సముద్రగర్భమునందలి తంతిద్వారా లండనునుండి న్యూయార్కునకు పోయెను. ఓడమీఁద వారమునకు మించి పట్టెడి చిత్రము మూఁడుగంటలలోపల చేరుచుండెను. కాని యా పద్ధతియందు మొదట నుండిన ఛాయలు ఐదు మాత్రమే. 1929 నాఁటికి అవి పదునైదయ్యెను. వార్తకు ఐదు ఛాయలు చాలవచ్చును. మనుష్యుని ముఖమునకు చాలవని యా కాలపు చిత్రములే సాక్ష్యము.

కంప్యూటరునకు తొలుత చిత్రమును జూపినవాఁడు అమెరికాదేశపు జాతీయ ప్రమాణసంస్థయందలి రస్సెల్ కిర్ష్. 1957లో ఆతఁడును ఆతని తోడివారును తిరుగుచుండు పీపావంటి స్కానరును నిర్మించి, సీయాక్ అను కంప్యూటరునకుఁ గలిపిరి. తొలిచిత్రము కిర్ష్‌యొక్క మూఁడునెలల కుమారునిది. అడ్డమునకు 176, నిలువునకు 176 చొప్పున మొత్తము 30,976 బిందువులు. ప్రతిబిందువునకు ఒక్కటే బిట్టు: తెలుపో నలుపో. నడిమిఛాయ లేదు.

ఈ కొఱఁతను దీర్చుటకు వారు చేసిన యుపాయము గమనింపఁదగినది. తెలుపునకును నలుపునకును నడుమనున్న యెల్లను మార్చి, ఒకే చిత్రమును మరల మరల స్కాను చేసిరి. ఒకసారి చిత్రమునందలి మిక్కిలి నల్లనిచోట్లు మాత్రము నలుపుగాఁ బడెను. మఱియొకసారి నడిమినలుపులును జేరెను. ఈ ప్రతులనన్నిటిని గలుపఁగా నడిమిఛాయలు కలిగినవి. మెట్లను యంత్రము తనంతట నిచ్చునది కాదనియు, అవి యెక్కడ నిలువవలెనో మనుష్యుఁడు నిర్ణయింపవలసియుండుననియు ఆ తొలిప్రయత్నమే తెలిపినది.

సమానమైన మెట్ల దోషము

తరువాతికాలపు స్కానరులు వెలుఁగును విద్యుత్తుగా మార్చు సూక్ష్మఫలకములను వాడినవి. ఆ ఫలకమునుండి వచ్చు విద్యుత్తు పడిన వెలుఁగునకు అనుపాతముగ నుండును. దానిని సమానభాగములుగా ఖండించి సంఖ్యల నిచ్చుట యంత్రమునకు సులభము. కంటికిని, వెండికిని మాత్రము సరిపడదు.

ఎనిమిది బిట్టుల లెక్కను దీసికొన్న నీ దోషము తేటపడును. అడ్డులేని వెలుఁగునకు 255 సంఖ్య యనుకొనిన, 255 మొదలు 128 వఱకు గల 128 సంఖ్యలును సాంద్రత 0 నుండి 0.3 వఱకే వినియోగమగును. 0.3 నుండి 0.6 వఱకు 64 సంఖ్యలు, 0.9 వఱకు 32, 1.2 వఱకు 16, 1.5 వఱకు 8; 1.8 వఱకు 4, 2.1 వఱకు 2. అటుపై 2.4 వఱకు మిగిలినది ఒక్క సంఖ్య. ఈ యెనిమిది ఖండములును కంటికి సమానదూరములే. అయినను మొదటిదానికి నూటయిరువదియెనిమిది మెట్లు, కడపటిదానికి ఒక్కమెట్టు. సాంద్రత 2.1కిని 2.4కిని నడుమ ఫిల్మునం దెన్నిఛాయలున్నను ప్రతియందు ఒక్కటియే యగును. లేఖకుఁడు శకటరేఫమును మ్రింగినట్లే యంత్రము ఛాయలను మ్రింగినది.

నష్టము చిత్రమునం దెక్కడఁ గానవచ్చునో ఫిల్ము జాతినిబట్టి యుండును. నెగెటివునందు గాఢమైనచోటు దృశ్యమునందలి తెల్లనిచోటు. కాఁబట్టి మబ్బుల యంచులును, తెల్లనిబట్టల మడతలును బోవును. నేరుగాఁ జూడఁదగిన స్లయిడునందు గాఢమైనచోటు నీడయే. కాఁబట్టి చెట్లక్రింది చీఁకటియు, కేశపాశములును ఒక్క నలుపుముద్దయగును. నలుపుతెలుపు నెగెటివుల సాంద్రత తఱచుగా 2ను మించదు. స్లయిడులలో 3ను మించుటయు గలదు. అందుచేత స్లయిడులకే యీ దోషమువలన బాధ యెక్కువ.

దీనికి బిట్టులను హెచ్చించుట యొక పరిహారము. పండ్రెండు బిట్టులతో కడపటిమెట్టు 3.6 సాంద్రతయొద్దకును, పదునాలుగింటితో 4.2 యొద్దకును, పదాఱింటితో 4.8 యొద్దకును జేరును. ఈ గణితము నిజమే. కాని కొందఱు యంత్రనిర్మాతలు పదాఱుబిట్టుల యంత్రము 4.8 సాంద్రతవఱకు చూడఁగలదని ప్రకటించుట లెక్కను కొలతగాఁ జెప్పుటయే. 4.8 సాంద్రతగుండ వెడలునది అఱువదివేలలో నొకపాలు వెలుఁగు. కటకములలో చెదరిన వెలుఁగును, విద్యుద్యంత్రముయొక్క సహజచాంచల్యమును అంతకు మించినచో, ఆ యడుగుమెట్లు ఫిల్మును గాక యంత్రముయొక్క వణఁకునే వ్రాయును. నిచ్చెన పొడవు వేఱు, దాని మెట్లసంఖ్య వేఱు. మెట్లను దగ్గఱదగ్గఱగా నెన్ని వేసినను నిచ్చెన పొడవు పెరుగదు.

ఫిల్మురేణువులు

మెట్లు చాలనిచోఁ గానవచ్చు మఱియొక దోషము, ఆకసమువంటి నున్ననిచోట్ల గుట్టలపటమునందలి రేఖలవలె గట్లు తేలుట. బెల్ పరిశోధనాలయమున డబ్ల్యు. ఎం. గుడాల్ 1951లో ప్రకటించిన దూరదర్శన ప్రయోగములలో ఈ గట్లను గుర్తించి, చిత్రమునకు కొంచెము చాంచల్యమును బుద్ధిపూర్వకముగాఁ జేర్చిన నవి మాయునని చూపెను. లారెన్సు రాబర్ట్సు 1962లో ఈ యుపాయమునే శాస్త్రీయముగా విస్తరించెను. చాంచల్యమువలన నొక్కొక్క బిందువు ఒకసారి పైమెట్టుమీఁదను, ఒకసారి క్రిందిమెట్టుమీఁదను బడును. పెక్కుబిందువులను గలిపిచూచిన సరాసరి నడిమిఛాయ తేలును.

ఫిల్మునందు ఈ చాంచల్యము స్వతస్సిద్ధము. వెండి రేణువులు సమముగాఁ బఱచుకొని యుండవు. కొలుచు రంధ్రము చిన్నదియగుకొలఁది యీ యసమత ఎక్కువగాఁ దోఁచును. రంధ్రపు వైశాల్యముయొక్క వర్గమూలమునకు విలోమముగా నది పెరుగునని సెల్విన్ 1935లో సూత్రీకరించెను. ఒక ఫిల్ముయొక్క యసమత, వాడుకలోనున్న 48 మైక్రాన్ల రంధ్రముతోఁ గొలువఁగా, 0.010 సాంద్రత యనుకొందురు గాక. అంగుళమునకు 4,000 బిందువులు చదువు స్కానరునందు బిందువు వెడల్పు సుమారు 6.35 మైక్రాన్లు. సెల్విన్ సూత్రము ననుసరించి యచ్చటి యసమత 0.06కును 0.07కును నడుమ నుండును.

కంటి కందు భేదము సాంద్రతలో సుమారు 0.004 అని ముందుఁ జెప్పిన నూటి కొకపాలు లెక్కవలనఁ దేలును. ఒక్కొక్క బిందువునందు రేణువుల యసమత దానికంటె పదిరెట్లకు పైఁబడియున్నది. కాఁబట్టి రేణువులు స్ఫుటముగఁగల ఫిల్మునకు మితిలేని మెట్లు వేయుటవలన ఒక్క బిందువుయొక్క జ్ఞానము పెరుగదు. ఉన్న 256 మెట్లనే నిష్పత్తినిబట్టి పంచి 2.4 సాంద్రతవఱకు నిలిపినచో ఒక్కొక్కమెట్టు 0.0094 మాత్రమగును, అది రేణువుల యసమతకంటెఁ దక్కువయే. సమానభాగముల 256 మెట్లును, సమాననిష్పత్తుల 256 మెట్లును సంఖ్యచేత నొక్కటియయ్యు ఫలముచేత నింత భిన్నములు. ఎక్కువ మెట్ల ప్రయోజనము వేఱొకచోటఁ గలదు. పిమ్మట ఛాయలను సవరింపవలసివచ్చి, నీడలను సాగఁదీసినపుడు మెట్ల నడుమ సందులు పడకుండుటకు అవి తోడ్పడును.

సినియాన్ పద్ధతి

హర్టరు డ్రిఫీల్డుల సాంద్రతను, పాగ్సన్ నిష్పత్తిని, ప్రస్తారగణితమును ఒకచోటఁ గూర్చినది 1990 దశకముయొక్క యారంభమున ఈస్టుమన్ కొడాక్ సంస్థ చలనచిత్రములకై యేర్పఱచిన సినియాన్ పద్ధతి. అందు ఒక్కొక్క రంగునకు పది బిట్టులు. అనఁగా 1,024 మెట్లు. మెట్టు మెట్టునకును భేదము 0.002 సాంద్రత. మొత్తము సుమారు 2.05 సాంద్రతవఱకు నెగెటివును గొలువవచ్చును. మెట్టు కంటి కందు భేదములో సగమే గావున గట్లు తేలవు. నెగెటివుయొక్క వ్యాప్తి సామాన్యముగా నందులో నిముడును గావున మెట్లు వృథాగావు. ఈ సూక్ష్మతనే సమానభాగములతో సాధింపవలెనన్న సుమారు ఇరువదినాలుగువేల మెట్లు, అనఁగా పదునైదు బిట్టులు కావలసియుండెడివి. పంక్తితోఁ దీఱినపని అతిశక్వరివఱకు సాగియుండెడిది.

1937 నాఁటి స్నోవైట్ చిత్రమును 1993లో ఈ పద్ధతిచే నంకీకరించి, మచ్చలను దుడిచి, మరల ఫిల్ముపైకెక్కించిరి. ఒక చలనచిత్రమును ఆమూలాగ్రముగా నట్లుచేయుట అదియే మొదలు.

తెలుఁగునాట నీ విషయముయొక్క ప్రసక్తి

కిర్ష్ ఒక్కబిట్టుతో తన కుమారుని చిత్రమును వ్రాయించిన 1957వ సంవత్సరముననే మాయాబజారు విడుదలయైనది. మార్కస్ బార్ట్లీ యందుఁ జిత్రించిన వెన్నెల తెలుఁగువారి స్మృతియందు నిలిచియున్నది. వెన్నెల యనఁగా ఛాయాగ్రాహకునికి నీడలలో నీడలు. నీటిమీఁది మెఱుపునకును, గట్టుమీఁది చెట్లకును నడుమనున్న భేదములు సన్నములు. ఆ చిత్రము 2010లో కంప్యూటరుసాయముచే వర్ణచిత్రముగా మరల వెలువడినది. రంగులు నేఁటివారు చేర్చినవి కావచ్చును. వాని యడుగునఁగల వెలుఁగునీడలు మాత్రము నాఁటి వెండినుండి రావలసినవే.

శాసనముల, తాళపత్రముల ఫిల్ముప్రతులయందు విషయ మింకను సూక్ష్మము. అరిగిన యక్షరమునకును ఱాతికిని, మాసిన వ్రాఁతకును నల్లబడిన యాకునకును నడుమ ఛాయాభేద మత్యల్పము. అందును మైక్రోఫిల్ము తెల్లకాగితముపైని నల్లయక్షరములకై యేర్పడిన తీవ్రభేదపు ఫిల్ము. తీయునాఁడే దానియందుఁ బడని ఛాయను ఏ స్కానరును దేఁజాలదు. పడినదానినైనను పోనీయకుండుట తరువాతివారి బాధ్యత.

మాతృకలా, చిరకాలము నిలుచునవి కావు. 1950 ప్రాంతమువఱకు వాడుకలోనుండిన నైట్రేటు ఫిల్ము తనంతటఁ దాను క్షయించును, సులభముగ మండును. 2003లో పూనానగరమున నట్టి ఫిల్ములు పెక్కు అగ్నికి ఆహుతియయ్యెను. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము చుక్కవాసనగొట్టుచు ముడుచుకొనును. ఇట్టి ఫిల్ము నశించిననాఁడు అంకెలప్రతియే మాతృకయగును.

కావున ఫిల్మును అంకీకరించువారు బిట్టులసంఖ్యను మాత్రము వ్రాసి యూరకుండుట చాలదు. మెట్లు సమానభాగములో సమాననిష్పత్తులో చెప్పవలెను. సాంద్రతలు ముందే తెలిసిన మెట్లపట్టికను ఫిల్ముతోపాటు స్కానుచేసి, యంత్రము నిజముగా ఏ సాంద్రతవఱకు భేదమును జూపినదో ప్రతిపక్కనే నిలుపవలెను. తాను రెండు రేఫములను వేఱువేఱుగా వ్రాసెనో లేదో లేఖకుఁడు గ్రంథాంతమునఁ జెప్పిపోయిన పరిష్కర్త కెంత మేలో, ఇదియు ముందుతరముల పరిశోధకుల కంత మేలు.